పదిహేడో వరుసలో తంగేడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్లకేం, పోయినేడు నా నెత్తిన పడ్డవి వాళ్ల నెత్తిన పడి ఉంటే తెలిసేది. పదో తరగతి. ఎదురుగా పరీక్షలు. ఇంట్లో మా అవ్వ నల్లమ్మ ఎవరు చెప్పినా వినకుండా సోలార్ పార్కులో గడ్డి కోసే కూలికి పోతోంది. మా కన్నడ బడిలో ఇంగ్లీషు మేష్టరు ఈశ్వరప్ప సార్ సిలబస్‌లో లేని పీరియడ్ ఒకటి పెట్టి మా ప్రాణాలు తీస్తున్నారు. అవ్వ కూలికీ సార్ పీరియడ్‌కీ సంబంధం ఉందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే వాళ్లను కూడా తిట్టేదాన్ని.

ముందు అవ్వ సంగతి చెబుతాను. నాగలమడిక చుట్టుపక్కల చాలా పొలాల మాదిరే మా బావి చేను కూడా సోలార్ పార్కు కిందికి గుత్తకు పోయింది. అప్పటికి నాకు ఏడేళ్లు. ఏటా గుత్త డబ్బు వస్తుంది, ఊరవతల మిగిలిన ఎకరాలో నాన్న శనక్కాయ వేస్తాడు, తిండికి లోటేమీ లేదు. అయినా మూడేళ్ల కిందట అవ్వ ఉన్నట్టుండి కొడవలి పట్టుకుని పార్కు గేటు దగ్గర నిలబడింది. సోలార్ ప్లేట్ల వరుసల మధ్య మొలిచే గడ్డి కోసే ఆడవాళ్ల గుంపులో చేరిపోయింది. అరవై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. "ఏం గంగాధరా, మీయమ్మకు కూడు పెట్టల్యావా" అని ఊళ్లో వాళ్లు నాన్నను ఎగతాళి చేసేవాళ్లు. నాన్న నెత్తీ నోరూ బాదుకున్నాడు, ఆమె వినలేదు. నేనైతే బడికి పోయే బస్సులోంచి ఆమె కనబడితే తల తిప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, తిప్పుకున్న మాట నిజం.

ఇక సార్ సంగతి. ఆయన రోజూ అరసికెరె నుంచి మోటార్ సైకిల్ మీద వస్తారు. శనివారం చివరి పీరియడ్‌లో మాకు లోకంలోని కథలు చెప్పేవారు. పాతకాలపువి కావు, ఇప్పుడు, ఈ ఏడాదే ఎక్కడెక్కడో మనుషులు చెబుతున్నవి. అవి పుస్తకాల్లో మాత్రమే ఉండవు. కొన్ని ఫోన్‌లో ఉంటాయి, కొన్ని మ్యాపులో ఉంటాయి. ఒక కథ మొత్తం ఇద్దరు అక్కాచెల్లెళ్ల మెసేజ్‌లే. అక్క పంపిన చివరి మెసేజ్‌కు ఒక్క టిక్కు పడుతుంది, రెండోది పడదు, కథ అయిపోతుంది. "మరి ఆ చెల్లెలికి ఏమైంది సార్" అని నా పక్కన కూర్చునే వర్షిణి ఏడుపు మొహం పెట్టింది. "రెండో టిక్కు పడల్యా గదమ్మా, దాని గురించే కథ" అన్నారు సార్. నాకు ఒళ్లు మండింది. ఇది పరీక్షలో వస్తుందా రాదా, అదొక్కటే నాకు కావలసింది.

ఇంకొక కథ చూపించారు. సముద్రాల అవతల ఏదో దేశం, దాని పేరు నాకు నోరు తిరగలేదు. ఆనకట్ట కడితే ఒక ఊరు నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లు తలా ఒక దిక్కుకు పోయి, కొన్నేళ్ల తర్వాత ఫోన్లలో కలుసుకుని, మునిగిన ఊరిని మ్యాపు మీద మళ్లీ పెట్టుకున్నారు. నీళ్ల మీద ఒక్కొక్క చుక్క. చుక్కను తాకితే ఆ ఇంటి మనిషి గొంతు వినబడుతుంది. ఇక్కడ మా మేకల దొడ్డి, ఇక్కడ మా అత్త రొట్టెలు కాల్చే పొయ్యి, అని. ఆ భాష మాకు ఒక్క ముక్క తెలియదు, సార్ చదివి చెప్పారు. క్లాసంతా తెర వైపు వంగింది. నేను మాత్రం గడియారం చూశాను.

తర్వాత సార్ మా నెత్తిన బాంబు వేశారు. "మీరు గూడ చెయ్యండి. మీ ఊరి చోటు ఒకటి, మీ ఇంటి గొంతు ఒకటి. రెండూ కలిపి మ్యాపు మీద పెట్టల్ల. ఇంటర్నల్ మార్కులు దీనికే."

మార్కులు అనేసరికి నేను లేచి కూర్చున్నాను. అయితే ఊరంతా తిరిగి గొంతులు పట్టుకునే ఓపిక ఎవరికుంది? నాన్న ఫోన్‌లో అడిగిందల్లా రాసిపెట్టే యాప్ ఉంది. అవ్వ మీద కథ కావాలి అన్నాను. చిటికెలో ఇచ్చేసింది. చదివి చూసుకోకుండానే సార్‌కు పంపేశాను, నా బుద్ధి అంతటిది.

శనివారం సార్ దాన్ని క్లాసులో గట్టిగా చదివారు. అందులో అవ్వ ఊగే కుర్చీలో కూర్చుంది. ముందర చలిమంట. కిటికీ బయట మంచు కురుస్తోంది. ఆమె మనవరాలికి ఉన్ని టోపీ అల్లుతోంది.

"వినుతా, మీ అవ్వ పేరేందమ్మా?"

"నల్లమ్మ సార్."

"ఆమె యాడ కూచోని ఉన్ని అల్లుతాది?"

క్లాసంతా పడీ పడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. సార్ మాత్రం నవ్వలేదు. "యాప్ మీద నాకు కోపం ల్యా. దానికి నల్లమ్మ ఎవరో తెలీదు, దాని తప్పేముండాది. నీకు తెలుసునా అని అడుగుతాండా. వచ్చే శనివారం దాకా టైముండాది" అన్నారు.

తెలుసా అంటే? పుట్టినప్పటి నుంచి ఆమె చంకలో పెరిగినదాన్ని. నన్ను పట్టుకుని తెలుసా అంటారా అని ఇంటిదాకా గొణుక్కుంటూనే వచ్చాను.

ఆదివారం అవ్వ గడప ముందర కూర్చుని కొడవలి నూరుకుంటోంది. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆమె ముందు కూలబడ్డాను. "అవ్వా, ఈ వయసులో నీకు కూలెందుకు? నిజం చెప్పల్ల. మార్కులుండాయి."

"నీ మార్కులకూ నా కూలికీ ఏం సంబంధమమ్మే?"

"ఉండాది. చెప్పు."

అవ్వ కొడవలి పక్కన పెట్టింది. నాన్న ఇంట్లో లేడని చూసుకుంది. "మీ నాయన కంటే ముందర నాకొక ఆడబిడ్డ ఉండె. మూడేండ్లు నిండినాయి. తట్టు పోసి మూడు దినాల్లో పాయ. మీ తాత బావి చేన్లో పూడ్చిపెట్టినాడు. పసిబిడ్డలకు రాయి నాటరు, దినాలు చెయ్యరు. పేరు గూడ ఎత్తరు. పేరెత్తితే తర్వాత పుట్టే బిడ్డలకు మంచిది కాదంటారు. గుర్తుకని నేనే ఆడ తంగేడు గింజలు చల్లినా. తంగేడైతే మేకలు ముట్టవు గదా."

ఏటా శనక్కాయ పీకేటప్పుడు మొదటి చెట్టు తీసుకుపోయి ఆ తంగేడు మొదట్లో పెట్టేదట. నాన్న అది గట్టు దేవరకు పెడుతోందని అనుకున్నాడట. అవ్వ కూడా ఊ అని ఊరుకుందట.

"మరి గుత్తకిచ్చేటప్పుడు చెప్పల్యా?"

"సర్వే వాళ్లు వచ్చి అడిగిరి. బావి ఉండాదా, బోరుండాదా, మాన్లెన్ని, గుడి, సమాధి ఏమన్నా ఉండాదా అని. ఉంటే ఆ చోటు వదిలిపెడతాం అనిరి. మీ నాయన బావి ఒకటి, చింతమాను ఒకటి, సమాధులేం లేవు అనె. నేను గోడ వారకు నిలబడుకోని వింటాండా. పసిబిడ్డను పెట్టిన చోటును సమాధి అంటే నగుతారని గమ్మునుంటి. పెద్దోళ్లది గదా సమాధి అంటే."

ఆమె చెప్పిందంతా ఇక్కడ రాయను, నాకు చేత కాదు. బావి పూడ్చేశారు. చింతచెట్టు పోయింది, గట్లు పోయాయి. ఇప్పుడెటు చూసినా ఒకే మాదిరి ప్లేట్లు, ఒకే మాదిరి కంబాలు. ఆ బిడ్డ ఏ వరుస కింద ఉందో వెతుక్కోవడానికి అవ్వ మూడేళ్లుగా గడ్డి కోస్తోంది. "ఒక్కసారి ఆడ కూచోవల్ల, అంతే. వచ్చే నెల నుంచి అరవై దాటినోళ్లను పనికి తీసుకోరంట, ఆంజనప్ప చెప్పినాడు. ఇంగ నన్ను గేటు దాటనియ్యరు" అంది. ఆంజనప్ప ఆ గడ్డి కోసే గుంపుకు మేస్త్రీ.

బస్సులోంచి తల తిప్పుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను, అవి కూడా చాలవనిపించింది.

సోమవారం పొద్దున్నే సార్ దగ్గరికి పోయి రికార్డింగ్ వినిపించాను. ఆయన మార్కుల మాట ఎత్తలేదు. నన్ను కంప్యూటర్ గదికి తీసుకుపోయి, పైనుంచి తీసిన మ్యాపును పార్కు రాకముందటి ఏడాదికి జరిపారు. ప్లేట్లన్నీ మాయమయ్యాయి. గట్లు, దారులు, మా బావి చేను. బావి నల్లటి చుక్కలా, చింతచెట్టు పచ్చటి మరకలా కనబడ్డాయి. తంగేడు పొద అంత చిన్నది అందులో కనబడదు. "మునిగిన ఊరోళ్లు చేసింది ఇదేనమ్మా. కాకుంటే వాళ్లకు చోటు తెలుసు. మనకు చోటు తెలిసిన మనిషి ఉండాది. అవ్వను పిలుచుకొని రా" అన్నారు.

మరుసటి రోజు అవ్వ కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని బడికొచ్చింది. తెర మీద చేను చూపిస్తే మూతి ముడిచింది. "ఏందిది, మచ్చల దుప్పటి మాదిరి ఉండాది. పైనుంచి చూసేకి నేనేమన్నా కాకినా?"

"అయితే చూడొద్దులే పెద్దమ్మా. నడువు. జెండా కట్ట బావి అనుకో. ఆడ్నుంచి బిడ్డ కాడికి ఎట్ల పోతావుంటివో అట్ల పో" అన్నారు సార్.

అవ్వ జెండా కట్ట దగ్గర్నుంచి నడిచింది. మేం అడుగులు లెక్కపెట్టాం. మొదటిసారి యాభై రెండు అడుగులకు ఎడమకు తిరిగింది. రెండోసారి డెబ్బై. మూడోసారి నలభై ఏడు దగ్గరే ఆగిపోయి అటూ ఇటూ చూసింది. ఎండ మాడుతోంది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని కట్ట మీద కూర్చుండిపోయింది. "నాకు రాదప్పా. మర్సిపోతి. బిడ్డను మర్సిపోతి."

ఆ మాట వినలేక నేను ఆవలికి తిరిగాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం వచ్చింది. అంతలో మా బడి పిల్లలెవరో మధ్యాహ్నం భోజనం వండే గదికి కూరగాయల గంప మోసుకుపోతున్నారు. అవ్వ దాని వైపే చూస్తూ లేచింది.

"ఒట్టి చేతులతో నేనెప్పుడు నడిచినా ఆ చేన్లో? ఎరువు దిబ్బ బావి కాడ ఉండె. గంపెత్తుకొనే కదా పోతావుంటి. తలకాయ మీద బరువుంటేనే కాళ్లకు తెలుస్తాది. గంపియ్యండి."

గంప దొరికింది. ఎరువెక్కడ తెచ్చేది? సార్ పరుగున పోయి లైబ్రరీ బీరువా తెరిచారు. నిఘంటువులు, అట్లాసులు, ఏయే దేశాలవో కథల పుస్తకాలు, అన్నీ గంపలోకి ఎత్తారు. అవ్వ కొంగును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. నేనూ సారూ గంప ఎత్తి పెట్టాం. అవ్వ ఒకసారి మెడ అటూ ఇటూ కదిలించి చూసుకుంది.

"ఇంగొక నాలుగు వెయ్యి. ఎరువు ఇంత తేలిగ్గా ఉంటాదా?"

ఇంకో నాలుగు వేశాం. అవ్వ నడిచింది. నేను చూసిన అవ్వ కాదు అది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో, నడుం నిలబెట్టి, ఒక చెయ్యి గంప మీద, ఒక చెయ్యి ఊపుకుంటూ. అరవై మూడు అడుగులు, ఎడమకు తిరిగి ఇరవై ఒకటి. ఆగింది. మళ్లీ నడిపించాం. అరవై మూడు, ఇరవై ఒకటి. మూడోసారి అరవై నాలుగు, ఇరవై ఒకటి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అవ్వ గంప దించకుండానే "యాల కొడతాండారు" అని అడిగింది.

తర్వాత ఆమెను బావి నుంచి చింతచెట్టుకు పోయినట్టు నడవమన్నారు సార్. నూట పది అడుగులు. మ్యాపులో ఆ దూరం యాభై ఐదు మీటర్లు. అంటే అవ్వ అడుగు అర మీటరు. కంప్యూటర్ గదికి తిరిగొచ్చాక సార్ బోర్డు మీద లెక్క తప్పు చేస్తే వర్షిణి దిద్దింది. పాత మ్యాపు మీద బావి నుంచి అవ్వ చెప్పిన గట్టు వెంట కొలిచి ఎర్ర చుక్క పెట్టారు. మెల్లగా ఇప్పటి ఏడాదికి జరిపారు. గట్లు పోయాయి, బావి పోయింది, ప్లేట్లు వచ్చేశాయి. ఎర్ర చుక్క మాత్రం రెండు వరుసల నడుమ ఖాళీలో నిలబడింది.

"రోడ్డు మూల నుంచి లెక్కపెడితే పదిహేడో వరుస. ఎనిమిదో కంబం కాడ" అన్నారు సార్.

గంప దించినా అవ్వ కొంగు చుట్ట ఇంకా నెత్తిన అట్లాగే ఉంది. "పదిహేడులో ఎనిమిదో కంబమా?" అంది. "ఆడొక మొండి తంగేడుండాది. కోస్తే మల్లా వస్తాది. ప్లేటు మీదికి నీడ పడుతుందని ఆంజనప్ప తిడతా ఉంటాడు. మూడేండ్ల నుంచి నా చేత్తోనే కోస్తాండానే తల్లీ."

ఆ నేలలో తంగేడు ఎక్కడైనా మొలుస్తుంది. అందుకే అదేనన్న అనుమానం ఆమెకు ఒక్కనాడూ రాలేదు. నేను అవ్వను పట్టుకుని భోరున ఏడ్చాను, క్లాసు ముందరే. వర్షిణి ఏడ్చింది. సార్ కళ్లద్దాలు తుడుచుకునే పని పెట్టుకున్నారు. ఒక్క అవ్వే ఏడవలేదు. "సచ్చిపోలే చూడు. అన్నిసార్లు కోస్తి, అయినా సచ్చిపోలే" అని నా వీపు నిమిరింది.

చుక్కకు అవ్వ రికార్డింగ్ తగిలించి సేవ్ చెయ్యాలంటే కంప్యూటర్ పేరు అడుగుతోంది. సార్ అవ్వ వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "పేరేం రాయమంటావు పెద్దమ్మా?"

అవ్వ చుట్టూ చూసింది. నలభై రెండేళ్లుగా ఎత్తని పేరు. "నరసక్క" అంది. "మాయమ్మ పేరు పెట్టుకొంటిమి. నర్సీ, నర్సీ అని పిలుస్తావుంటిమి."

సార్ ఆ పేరు కొట్టారు. తెర మీద కనబడింది. రేషన్ కార్డులో ఎక్కని పేరు, ఎక్కడా ఎవరూ రాయని పేరు. అవ్వకు చదువు రాదు, అయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. "బడిలో పేరు రాసినట్లే గదప్పా" అని సార్‌ను అడిగింది.

"రాసినట్లేనమ్మా" అన్నారు సార్.

ఆ సాయంత్రం నాన్న ఫోన్‌లో ఆ చుక్కను తాకి వినిపించాను. నాన్న చివరిదాకా విన్నాడు. తనకొక అక్క ఉండేదని ఎప్పుడో ఎవరో అనగా విన్నాడంతే. చొక్కా వేసుకుని బయటికి పోయాడు. మన్ను దులిపిన శనక్కాయ చెట్టొకటి పట్టుకుని తిరిగొచ్చాడు. మా ఎకరాలో పీకుడు ఇంకా మొదలే కాలేదు.

"అక్కకియ్యి మా" అని అవ్వ చేతికిచ్చాడు.

మరుసటి రోజు పొద్దున గేటు దాకా నేనూ పోయాను. నన్ను లోపలికి రానివ్వరు, అందుకని ఇనప కంచె బయటే నిలబడ్డాను. ఆంజనప్ప అడ్డం చెబితే కడిగేద్దామని బస్సులోనే మాటలు పేర్చుకుని ఉన్నాను. అవ్వ చేతిలోని శనక్కాయ చెట్టు చూసి ఆయన ఏందని అడిగాడు. అవ్వ చెప్పింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "గంట కూచుంటే కూలి పట్టుకుంటా. అర్ధగంటయితే నాకు అగుపడదులే" అన్నాడు. నేను పేర్చుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి, దానికి ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

కంచెలోంచి చూస్తే ప్లేట్ల కింద అవ్వ చీర రంగు మాత్రమే కనబడింది. కూర్చుంది. నాకు వినబడనంత దూరంలో ఏదో మాట్లాడుతూ ఉంది. అర్ధగంట ఎప్పుడో అయిపోయింది. ఆంజనప్ప అటు తిరగలేదు.

సార్ నాకు ఇరవైకి పద్దెనిమిది వేశారు. మిగతా రెండూ ఊగే కుర్చీ అవ్వకు పోయాయన్నారు. పోతే పోనీ. ఇప్పుడు నేను పావగడలో పీయూసీ, అంటే ఇంటర్, చదువుతున్నాను. కన్నడంలో చదువుకున్న నాకు ఇంట్లో మాట్లాడే తెలుగును తెలుగు అక్షరాల్లో రాయడం సెలవుల్లో నేర్పింది కూడా సారే. అందుకే ఇది రాయగలుగుతున్నాను. పేరు నోరు తిరగని దేశంలో, నీళ్ల కింద ఊరున్న ఆ మనుషులకు కూడా దండం పెట్టుకుంటాను. వాళ్లకు పావగడ ఎక్కడుందో తెలియదు. వాళ్లు మేకల దొడ్డికి చుక్క పెట్టుకోకపోతే మా నరసక్క అత్తకు పేరు ఉండేది కాదు.

అన్నట్టుగానే ఆ నెల తర్వాత అవ్వను పనికి తీసుకోలేదు. ఆంజనప్ప మాత్రం ఆ తంగేడును మొదలంటా కోయించడం మానేశాడు. ప్లేటుకు నీడ పడకుండా నడుమెత్తుకు కత్తిరించి, నెలకొకసారి నా ఫోన్‌కు ఫోటో పంపుతాడు. నేను దాన్ని నరసక్క చుక్కలో చేరుస్తాను. మొన్న పూసింది. ఫోటో చూపిస్తే అవ్వ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎంతెత్తుండాదమ్మే?" అని అడిగింది.

"నడుమెత్తవ్వా."

"ఊ. నర్సీ గూడ అంతే ఉండె" అంది అవ్వ.